పెద్దమ్మ అడిగినవి

పోయిన వారం షాపులో ఒక పెళ్ళికొడుకు షేర్వాణీకి కొలతలు తీసుకుంటుంటే ఫోన్ మోగింది. "అన్నా, అత్తమ్మ పోయింది" అంది అవతల నుంచి పెద్దమ్మ కోడలు. మెడలో టేపు అట్లాగే వేలాడుతుండగా వికారాబాదు స్టేషనుకు నడిచి, తాండూరు వైపు పోయే రైలెక్కాను.

సమాధి దగ్గర చర్చివాళ్ళు నాలుగు మంచి మాటలు చెప్పారు. గొప్ప ప్రార్థనాపరురాలన్నారు. చాలా ఓర్పు గల తల్లి అన్నారు. దేవుడు ఏదిస్తే అది కళ్ళకద్దుకుని తీసుకున్న మనిషి అన్నారు. నేను వెనకాల నిలబడి విన్నాను. ఆమె ప్రార్థన చేసిన మాట నిజం. మిగతా రెండూ నిజం కాదు. ఆమెకు ఓర్పు లేదు. ఇచ్చినదాన్ని కళ్ళకద్దుకునే అలవాటు అసలే లేదు.

తాండూరులో మా ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ ఒకటే గోడ. నాపబండలు నిలబెట్టి కట్టిన గోడ కాబట్టి సందుల్లోంచి మాటలే కాదు, పొయ్యి పొగ కూడా ఇవతలికి వచ్చేది. గల్లీ అంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అదే అన్నాను. బండలు పాలిష్ చేసే యూనిట్లో ఆమె పని. మిషను కింది నుంచి వచ్చిన బండను కడిగి, తుడిచి, గోడకు ఆనించి నిలబెట్టేది. భర్త ఆ బండల దుమ్ముకే ఛాతీ పాడై ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్క కొడుకు. నెమ్మదస్తుడు. ఊరవతల క్వారీలో కోత మిషను నడిపేవాడు. బొంరాస్‌పేట పిల్లను చేసుకున్నాడు. ఆ పిల్ల మధ్యాహ్నాలు నా షాపులో కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. నన్ను అన్నా అని పిలిచేది.

నేను సాయిబును. మా ఇంట్లో దువా అంటే రెండు చేతులూ ఎత్తి, పెదవులు మాత్రం కదిలిస్తూ, అడగాలా వద్దా అన్నట్టు అడగడం. "పైవాడికి అన్నీ తెలుసు, మనం యాది చేసేదేముంది" అనేవాడు మా అబ్బా. గోడ అవతల పెద్దమ్మ ప్రార్థన అట్లా ఉండేది కాదు. పొద్దున్నే పొయ్యి ముందర కూర్చుని, జొన్నరొట్టె తడుతూ, పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది.

"దేవా, మోకాలు నొస్తున్నదని నిన్ననే చెప్పిన గదా. ఇంక తగ్గలే. యాదికున్నదా, మర్సినవా?"

"నల్లా రాక ఎన్నొద్దులాయె! నీకు నీళ్ళతోని పనిలేదు, మాకున్నది."

అడిగాక రొట్టె తట్టడం ఆపి కాసేపు ఊరుకునేది. జవాబు కోసం చెవి పెట్టినట్టే ఉండేది. "సరే తియ్యి, రేపు మళ్ళ అడుగుత" అని రొట్టె పెనం మీద వేసేది. ఇవతల నా భార్య నవ్వు ఆపుకోలేక "దేఖో, ఖుదా సే లడ్‌రీ" అని నా భుజం తట్టేది, దేవుడితోనే కొట్లాడుతోంది చూడమని.

మనుషుల దగ్గరా ఆమె అంతే. ఒకసారి నా షాపుకొచ్చి, బొంత కుట్టుకుంటానని మిగిలిన గుడ్డ ముక్కలు అడిగింది. వాటితో నాకే పని ఉందన్నాను. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కోపం లేదు, బతిమాలడం లేదు, మొదటిసారి అడుగుతున్నట్టే అదే ముఖం. నేనే విసుగొచ్చి సంచి నింపి చేతికిచ్చాను. "అడగనీకి సిగ్గేంది కొడుకా? నాకు కావాలె, నీ దగ్గరున్నది" అంది సంచి చంకన పెట్టుకుంటూ.

తరవాత ఒక వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. కాగ్నా నది నిండుగా పారింది. అట్లాంటి ఒక రోజు క్వారీలో ఒడ్డు విరిగి గుంతలో పడింది. పొద్దున సద్ది కట్టుకుని పోయిన పెద్దమ్మ కొడుకు ఇంటికి రాలేదు.

క్వారీ సేటు ఒకటే మాట మీద ఉన్నాడు. "వానకు ఆ రోజు పని బంద్ పెట్టినం. మీవాడు పనికే రాలె. ఎటు పోయిండో నాకేం తెలుసు?" పొద్దున వాణ్ణి గుంత దగ్గర చూశామన్న తోటి పనివాళ్ళు, సాయంత్రానికి చూడలేదన్నారు. పోలీసులు వచ్చి ఒడ్డున నిలబడి, నీళ్ళు తగ్గినంక చూద్దామన్నారు. ఆ గుంతల్లో నీళ్ళు ఎండాకాలం కూడా తగ్గవని తాండూరులో అందరికీ తెలుసు. వాడు గుల్బర్గా వైపు పోయాడనీ, అక్కడ ఇంకో ఆడదాన్ని చూసుకున్నాడనీ ఒక మాట ఎట్లాగో పుట్టింది. గల్లీలో మేమెవరం ఆ మాట నమ్మలేదు. నమ్మిందేమిటో కూడా ఎవరం పైకి అనలేదు.

ఆ రోజు నుంచి గోడ అవతల మోకాలి నొప్పి లేదు, నల్లా లేదు. ఒకటే మాట. "నా కొడుకును పంపు." రొట్టె తట్టినన్నిసార్లు అదే. "నా కొడుకును పంపు. ఏడున్నడో నీకెరుకే. పంపు."

పనికి పోయే ముందు నా షాపు దగ్గర ఆగేది. తన దగ్గర ఫోన్ లేదు. "జర కలుపు కొడుకా" అనేది. నేను వాడి నంబరు కలిపి స్పీకరు పెట్టేవాణ్ణి. స్విచ్ఛాఫ్ చేయబడి ఉందని రికార్డు చేసిన ఆడగొంతు చెప్పేది. పెద్దమ్మ ఆ గొంతును చివరిదాకా వినేది. "స్విచ్ఛాఫ్ అంటే బంద్ చేసుకున్నడనే గదా" అని నన్నడిగేది. అవునన్నట్టు తల ఊపేవాణ్ణి. "అయితే ఎప్పుడన్న చాలు చేస్తడు" అని వెళ్ళిపోయేది.

ఏడాది తిరిగి మళ్ళీ వానాకాలం వచ్చింది, పోయింది. కోడలి అన్న బొంరాస్‌పేట నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. వాకిట్లో చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"దేవుడు పంపుతడు, పంపుతడు అని ఇంకెన్నొద్దులు కూసోవెడ్తవ్ అత్తా? మా చెల్లె మొగుడున్నోళ్ళల్ల లేదు, లేనోళ్ళల్ల లేదు. మా ఇంటికి తీస్కపోత."

"తీస్కపో. నేను వద్దంటనా?" అంది పెద్దమ్మ. "పిల్లను అడుగు."

ఆ పిల్ల రానంది. అన్న ఉత్తచేతులతో పోయాడు. ఆ మధ్యాహ్నమే నా షాపులో గుండీలు వేస్తూ వేస్తూ, తల ఎత్తకుండా, "అన్నా, ఒకటి చెప్పు" అంది. "ఆయన బతికుంటే నన్ను ఇడిసిపెట్టి పోయినట్టు. సచ్చిపోతే నాకు చెప్పకుంట పోయినట్టు. నేను ఏదనుకోవాలె? ఏదనుకుంటే నాకు నిద్ర పడ్తది?"

తలుపు దగ్గర నీడ పడితే చూశాను. పెద్దమ్మ. బండల దుమ్ముతో కనుబొమలు తెల్లగా ఉన్నాయి. ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు. లోపలికి వచ్చి, కోడలి వైపు చూడకుండా, "ఫోన్ కలుపు కొడుకా" అంది.

కలిపాను. మోగింది.

అన్నాళ్ళలో అది మోగడం అదే మొదలు. కోడలి చేతిలో సూది ఆగిపోయింది. ఎవరో ఎత్తి "హలో" అన్నారు. మగ గొంతు. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అయ్యా! కొడుకా, ఏడున్నవ్‌రా?"

"ఎవరమ్మా? రాంగ్ నంబరు."

"నంబరు నా కొడుకుదే."

"ఈ సిమ్ము నేను మొన్ననే తీస్కున్ననమ్మా. ఇప్పుడిది నాదే." ఎవరో పడుచువాడు. కసురుకోలేదు, ఫోన్ పెట్టెయ్యలేదు. "ఏమైందమ్మా?" అని అడిగాడు కూడా.

"ఏం లేదు బిడ్డా. మీ అమ్మ ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"ఏడికన్న పోతే చెప్పి పో" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆ తరవాత ఆ నంబరు కలపమని ఆమె ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున గోడ అవతల రొట్టె చప్పుడు మొదలయ్యింది గానీ మాట లేదు. నేనూ నా భార్యా చాయ్ కప్పులు పట్టుకుని కూర్చున్నాం. చాలాసేపటికి చప్పుడు ఆగింది.

"దేవా, ఇన్నొద్దులు పంపు అన్న. ఇగ ఆ మాట అన." గొంతు ఎప్పటిలాగే ఉంది, ఏడుపు లేదు. "చూపు. ఏడున్నడో, ఎట్లున్నడో చూపు. నాకోసం కాదు, నేనైతే సచ్చేదాక ఎదురుసూడగల్త. గా పిల్లకు ముందు మస్తు బతుకున్నది. దానికోసం చూపు."

పెనం మీద రొట్టె మాడిన వాసన ఇవతలికి వచ్చింది. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి లేచిపోయింది. కన్నకొడుకు బతికి రావాలని అడగడం మానుకుని, వాడి శవం చూపించమని అడగడానికి ఒక తల్లి లోపల ఏం జరిగి ఉండాలో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఆ రోజు నుంచే ఆమె సేటు ఇంటికి పోవడం మొదలుపెట్టింది. రైలు గేటు అవతల పెద్ద మేడ. పొద్దున్నే పోయి గేటు ముందర నిలబడేది. సేటు కారు బయటికి రాగానే, "సేటూ, గుంతల నీళ్ళు తోడియ్యి" అనేది. శాపం పెట్టలేదు, మన్ను ఎత్తి పొయ్యలేదు. నన్ను గుడ్డ ముక్కలడిగిన గొంతే. కొన్నాళ్ళకు యూనిట్లో ఆమెను పనిలోంచి తీసేశారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. పప్పు మిల్లులో కందులు చెరగడానికి కుదురుకుంది. మిల్లుకు పోయే దోవలోనే సేటు గేటు.

పాస్టరు గారు ఇంటికొచ్చి మందలించాడు. చిన్న వయసు, మెత్తటి మనిషి. "అమ్మా, విసుగకుండా ప్రార్థన చెయ్యండి. మనుషుల వాకిట్లో నిలబడడం ఎందుకు? దేవుడే మార్గం చూపిస్తాడు."

"ప్రార్థన చేస్తనే ఉన్ననయ్యా. దేవుని దగ్గర మోటర్లు లేవు గదా. మోటర్లు సేటువి. దేవుని అడిగేది దేవుని అడుగుత, సేటును అడిగేది సేటును అడుగుత."

సేటు ఇంటి వరండాలో అతని తల్లి మంచం వేసుకుని కూర్చునేది. కళ్ళు సరిగా కనపడని ముసలావిడ. పెద్దమ్మ గేటు సందుల్లోంచి ఆమెను పలకరించేది. "అవ్వా, రాత్రి నిద్ర పట్టిందా? దగ్గు తగ్గిందా?" ముసలావిడ మొదట్లో పలికేది. తరవాత తరవాత పలకడం మానేసి, ఆ గొంతు వినపడగానే గోడ వైపు తిరిగి పడుకునేదట. ఎండలు ముదిరిన రోజుల్లో ఆ ముసలావిడ తిండి మానేసింది. కొడుకును పిలిచి, "నీళ్ళు తోడియ్యిరా. పొద్దుగాల్నే దాని గొంతు వినలేకపోతున్న" అందట. ఇది ఆ ఇంట్లో పనిచేసే మనిషే గల్లీలో చెప్పింది.

"ఏం దొరకకపోతే మళ్ళ నా గేటు ముంగట కనపడొద్దు" అన్నాడు సేటు.

"దొరకకపోతే ఇంకో గుంత అడుగుత" అంది పెద్దమ్మ.

మోటర్లు పెట్టారు. పచ్చటి నీళ్ళు పైపుల్లోంచి పక్కన బీడు పడిన కందిచేలల్లోకి పారాయి. పెద్దమ్మా కోడలూ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఒడ్డున బండముక్కల కుప్ప మీద కూర్చునేవాళ్ళు. నా భార్య రొట్టెలు కట్టి పంపేది. నీళ్ళు తగ్గేకొద్దీ చేపలు ఎగిరాయి. ఊళ్ళోవాళ్ళు గంపలు తెచ్చుకుని దిగారు. మొదటి రోజు సంబరంగా పట్టుకుపోయారు. రెండో రోజు ఆ చేపలు ఏం తిని పెరిగాయో ఎవరికో తోచినట్టుంది, గంపలు బోర్లించి ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు.

అడుగున విరిగిపడ్డ ఒడ్డు అట్లాగే ఉంది. క్రేనుతో బండలు లేపించారు. నన్ను పిలిపించారు. పోలీసాయన నిచ్చెన చూపించి, "టైలర్, జర దిగి చూసి చెప్పు" అన్నాడు.

మనిషి అనడానికి అక్కడ ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. చొక్కా మిగిలింది. టెరికాట్ కాబట్టి కుళ్ళలేదు. బురద కడిగి చేతికిచ్చారు. లోపల ఎడమ వైపు దొంగజేబు ఉంది. బండల దుమ్ము పడకుండా ఫోన్ పెట్టుకోవడానికి లోపల జేబు కావాలని వాడే కుట్టించుకున్నాడు. నీలం గుడ్డ చాలక గళ్ళ గుడ్డ ముక్కతో వేశాను. గళ్ళు ఇంకా కనపడుతున్నాయి. ఫోన్ అందులోనే ఉంది. ఏడాదికి పైగా నేను రోజూ పొద్దున కలిపింది ఆ ఫోన్‌కే.

పై నుంచి పెద్దమ్మ అడిగింది. "నీ కుట్టేనా కొడుకా?"

"నాదే పెద్దమ్మా."

కోడలు పెట్టిన కేక గుంతలో నాలుగు వైపులా తిరిగింది. పెద్దమ్మ ఏడవలేదు. పిల్లను రెండు చేతులా పొదివి పట్టుకుని, తల మీద గడ్డం ఆనించి, "చూసినవ్ గదా బిడ్డ? ఇడిసిపెట్టి పోలె. పనికే పోయిండు. వాడు పనికే పోయిండు" అని చెప్తూనే ఉంది.

కేసయింది. నడుస్తూనే ఉంది.

కొడుకును మట్టిచేసిన తరవాతి ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. నన్నూ పిలిచారు. చెప్పులు బయట విడిచి చివరి వరసలో కూర్చున్నాను. విసుగక ప్రార్థిస్తే దేవుడు ఆలకిస్తాడనడానికి ఈ తల్లే సాక్ష్యమని పాస్టరు గారు చెప్పి, ఆమెను లేచి రెండు మాటలు చెప్పమన్నాడు.

పెద్దమ్మ లేచింది. "చూపు అని అడిగిన, చూపిండు. అందుకు వందనాలు చెప్పమంటే చెప్త" అంది. జనం స్తోత్రం అన్నారు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. "ఆగుండ్రి. నేను మొదలడిగింది గిది గాదు. పంపు అని అడిగిన. గది ఇయ్యలె. ఎందుకియ్యలేదో చెప్పలె. చెప్పినంక మిగిలిన సాక్ష్యం చెప్త."

కూర్చుంది. పాస్టరు గారు పుస్తకం మూసి కళ్ళు దించుకున్నాడు. వెనక నుంచి ఎవరో పాట ఎత్తుకుంటే తలా ఒక గొంతు కలిపారు. ఆమె కలపలేదు.

కోడలికి సంబంధం ఆమే వెతికింది. ఇల్లిల్లూ అడిగి, పరిగిలో మెకానిక్కు పని చేసే పిల్లవాణ్ణి పట్టుకుంది. వికారాబాదులో పెళ్ళి. పెళ్ళికూతురి తల్లి నిలబడే చోట కన్నతల్లి పక్కనే తనూ నిలబడింది. అప్పటికి రెడీమేడ్ల దెబ్బకు నా షాపు మూతపడి, నేను వికారాబాదులో ఇంకొకరి షాపులో చేరాను. పెళ్ళికొడుకు కోటు నేనే కుట్టాను. పిల్లను సాగనంపి, ఆమె ఒక్కతే తాండూరు రైలెక్కుతుంటే మెట్లెక్కడానికి ఆయాసపడింది. దుమ్ము ఆమె ఛాతీలోకీ చేరిందని అప్పుడు తెలిసింది.

ఈ చలికాలం, తాండూరు ఇంటికి తిరిగి తీసుకుపోయే ముందు, ఆమెను కొన్నాళ్ళు వికారాబాదు గుట్ట మీది ఛాతీ దవాఖానలో ఉంచారు. పరిగి నుంచి కోడలు వచ్చి దగ్గరుండి చూసుకుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను పోయేసరికి ఆ పిల్ల మందులకు కిందికి దిగింది. పెద్దమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకు గొట్టం. ఒక్కొక్క మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగవలసి వస్తోంది. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

"ఇంకేం అడుగుతున్నవ్ పెద్దమ్మా? జర ఊపిరి తీస్కో" అన్నాను.

"చెప్పలె ఇంక" అంది. ఆగింది. "ఎందుకు పంపలేదో."

మంచం పక్కన కూర్చున్నాను. ఆమె నా ముంజేయి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నాకు మాట వస్తలేదు. నువ్వడుగు."

"నేనా? నాకు మీ ప్రార్థన రాదు పెద్దమ్మా."

"నీకొచ్చిందే అడుగు. నా తరపున."

వార్డు నిండా మనుషులు. పక్క మంచం మీది ముసలాయన దగ్గు ఆపుకుని మమ్మల్నే చూస్తున్నాడు. నా బతుకులో ఎప్పుడూ నేను పైవాణ్ణి ఎందుకు అని అడిగినవాణ్ణి కాదు. అట్లా అడగడం నాకు నేర్పలేదు. నా తల మీద టోపీ ఉంది. నాకు అలవాటైనట్టే రెండు చేతులూ ఎత్తాను. పెదవులు కదిలించి ఊరుకుందామనుకున్నాను. ఆమె నా నోటి వైపే చూస్తోంది.

"పెద్దమ్మ కొడుకును ఎందుకు పంపలేదు?" అని పైకే అడిగాను.

ఆమె కళ్ళు మూసుకుని, కొంచెంసేపు చెవి పెట్టి విన్నది. తరవాత కళ్ళు తెరవకుండానే నా ముంజేయి నొక్కింది.

"మళ్ళ" అంది.

మళ్ళీ అడిగాను.